నా ఎడమ చెవి సంగతి

నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. కుడిది పర్వాలేదు కాని, దాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు. ఈ రెండు ముక్కలు ఎవరి ముందూ అనకుండా నలభై రెండేళ్లు బతికాను. ఇప్పుడు చదివేవాళ్లందరికీ చెప్పేస్తున్నాను కాబట్టి దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. హాయిగా ఉంది.

ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. తెనాలిలో మా షాపులో బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. మాది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి, బేరింగులు మార్చి, మళ్లీ తిరిగేట్టు చేసి పంపిస్తాం. పంపిస్తాం అని మర్యాదకి అంటున్నాను, చేసేది నేనొక్కదాన్నే. మా ఆయన విత్తనాల షాపులో పనిచేస్తారు, ఆయనకి స్విచ్చి వేయడం తప్ప కరెంటు గురించి ఏమీ తెలియదు. కొల్లూరు లంకల నుంచి అరటి తోటల మోటార్లు వస్తాయి, పొన్నూరు నుంచి రైసు మిల్లులవి వస్తాయి, రేపల్లె వైపు నుంచి రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లవి వస్తాయి. ఈ పని నాకు మా నాన్న నేర్పాడు. ఈ షాపే నా చేతిలోంచి పోబోయింది. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది.

మొదట్నుంచి చెప్పాలంటే బాపట్ల వెళ్లాలి. మేం అక్కడే పుట్టి పెరిగాం. నాకు ఏడేళ్లప్పుడు ఏడాదంతా చెవుల్లో ఏదో నిండినట్టు ఉండేది, ఎవరేం మాట్లాడినా గోడ అవతలి నుంచి వచ్చినట్టు వినపడేది. బళ్లో టీచరు గారు పిలిస్తే పలకనని మొద్దు అని పేరు పెట్టి చివరి బెంచీకి పంపారు. చివరి బెంచీ నుంచి ఇంకా వినపడదు కదా, అలా నా మొద్దుతనం ఖాయమైపోయింది. ఆఖరికి నాన్న గుంటూరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరు గారు కర్ణభేరి వెనక నీరు చేరిందని చెప్పి రెండు చెవుల్లోనూ చిన్న చిన్న గొట్టాలు వేశారు. సగ్గుబియ్యం గింజకి బెజ్జం పెడితే ఎంత ఉంటుందో అంత ఉండేవి అవి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంటింట్లో తాలింపు చిటపటలు వినపడి ఏడ్చానట. చెవి నొప్పేమో అని అమ్మ కంగారుపడిందట. నాకు మాత్రం ఆ చిటపటలే గుర్తు.

చెవుల్లోకి నీళ్లు పోకూడదని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. అమ్మ తలస్నానానికి ముందు దూదికి కొబ్బరినూనె రాసి చెవుల్లో పెట్టేది, పైన తన అరచేతులు అడ్డం పెట్టేది. ఎనిమిది నెలలు అలా కాపాడింది. తొమ్మిదో నెలలో కార్తీక పౌర్ణమి వచ్చింది. బాపట్లలో ఉన్నవాళ్లు ఆ రోజు సూర్యలంకలో సముద్ర స్నానం చేయకుండా ఉండరు. మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, బస్సులో పిల్లల్నందర్నీ ఎక్కించుకుని తీసుకెళ్లింది. మూడు మునకలు వేస్తేనే స్నానం అయినట్టు అని ఆవిడ లెక్క. అమ్మ వద్దంటే "సముద్రం తల్లి చెవి పాడుచేస్తదంటే, ఏం మాటలే అవి?" అని కసిరింది. అత్తగారి మాట కాదనలేక అమ్మే నా చెవులు రెండు చేతులతో మూసి నన్ను మూడుసార్లు ముంచింది. మూడోసారి అల వచ్చి ఇద్దర్నీ పడేసింది. ఇసకలో దొర్లి, నోట్లోకీ ముక్కులోకీ చెవుల్లోకీ ఉప్పునీళ్లు పోయి, నేను దగ్గుతూ లేచాను.

వారం తిరక్కుండా ఎడమ చెవి కారింది. ఆ తర్వాత ఒక పొద్దున నా దిండు మీద ఆ గొట్టం రాలి కనిపించింది. అమ్మ చటుక్కున తీసి కొంగులో ముడేసుకుని, "నాన్నకి చెప్పకు" అంది. నేను చెప్పలేదు. గుంటూరు డాక్టరు గారు మళ్లీ రమ్మన్న తేదీకి మేం వెళ్లలేదు. తగ్గిపోయిందిగా, దండగ ఎందుకు అని అమ్మ నాన్నకి నచ్చజెప్పింది. కుడి చెవి గొట్టం ఎప్పుడు పోయిందో ఎవరం చూడను కూడా లేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో నా చెవి ఒక రహస్యం అయిపోయింది. అమ్మ ఎక్కడికి తీసుకెళ్లినా నాకు ఎడమ పక్కన తనే కూర్చునేది. పెళ్లిచూపులప్పుడు చాప ఎటు వేయాలో అన్న దాని మీద అరగంట కుస్తీ పట్టింది, మగపెళ్లివారు నా కుడి పక్కకి రావాలి కదా. పక్కింటి పిన్ని "ఏంటక్కా, అమ్మాయి వాస్తు చూసి కూర్చుంటదా?" అని నవ్వింది. మా ఆయనకి పెళ్లయిన నెలకే తెలిసిపోయింది. ఆయన చేసిందల్లా మంచం మీద పక్క మార్చుకోవడమే. ఆయన మంచితనం అలాంటిది, చప్పుడు లేకుండా ఉంటుంది. కాని ఆయన కూడా బయట ఎవరికీ చెప్పలేదు. కోపం వచ్చినప్పుడల్లా నేను మాత్రం అమ్మని వదిలిపెట్టేదాన్ని కాదు. "నువ్వే కదా ముంచావు" అనేదాన్ని. పదో తరగతిలో అన్నాను, పెళ్లయ్యాక అన్నాను, నా కూతురు పుట్టాక కూడా అన్నాను. అన్న ప్రతిసారీ అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. నా చెవి లోపం తనకి చిన్నతనం అనుకునేదాన్ని. నేనంటేనే తనకి సిగ్గు అనుకునేదాన్ని.

ఇక మోటార్ల సంగతి. మోటారు బాగుందో లేదో తిప్పి చూసి చెప్పాలి. బేరింగు అరిగిందా, లోపల ఏమైనా రాసుకుంటోందా అన్నది చప్పుడుని బట్టి తెలుస్తుంది. నాన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని తిరుగుతున్న మోటారు మీద ఆనించి, చెక్క పిడిని చెవి రంధ్రం దగ్గర పెట్టుకుని వినేవాడు. పాత మెకానిక్కులందరూ చేసే పనే అది. నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న ఆ స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. ఆయన పెట్టుకున్న చోట పెట్టుకుంటే నాకేమీ అంతుబట్టలేదు. అటూ ఇటూ జరుపుతుంటే చెవి వెనక ఎముకకి పిడి తగిలింది. అంతే, మోటారు మొత్తం నా తలలోకి వచ్చేసింది. బేరింగులో గింజ గింజా తిరగడం వినపడింది. నేను బిక్కమొహం వేసుకుని నాన్న వైపు చూశాను, తప్పు చేస్తున్నానేమో అని.

"నీకు ఎట్టా వినపడితే అట్టా విను" అన్నాడు నాన్న. అంతకు మించి ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన సామాను, ఆ స్క్రూడ్రైవర్‌తో సహా, తెనాలి తెచ్చి ఈ షాపు పెట్టాను. అమ్మ కూడా మాతోనే ఉంటోంది.

పోయిన జూన్ దాకా అంతా బాగానే నడిచింది. జూన్ మొదటి వారంలో ఎడమ చెవి వెనక బరువుగా, సలుపుగా మొదలైంది. తాకితే నొప్పి. అమ్మ వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె పట్టుకుని వెంటపడింది, నేను పొమ్మన్నాను. ఆ ఒక్క విషయంలో నా మొండితనం పనికొచ్చింది, తర్వాత డాక్టరు గారు ఆ మాటే అన్నారు. కాని డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. సీజను కదా, షాపు నిండా మోటార్లు. రేపల్లె నుంచి రామారావు బాబాయి ఏరియేటర్ మోటారు తెచ్చి రెండు రోజుల్లో కావాలన్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, ఎనిమిదేళ్లుగా మోటార్లు తెస్తుంటే బాబాయి అయిపోయాడు. వైండింగ్ చేశాను, బిగించాను, తిప్పాను. స్క్రూడ్రైవర్ పిడి ఎముకకి ఆనిస్తే ప్రాణం పోయినట్టయింది. కుడి పక్కన పెట్టుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, చెయ్యి అటు పోలేదు. ఉత్త చెవితో ఓ క్షణం విని, "బ్రహ్మాండంగా ఉంది బాబాయ్, తీసుకెళ్లు" అన్నాను.

నాలుగో రోజున బేరింగు పట్టేసి ఆ మోటారు ఆగిపోయింది. రొయ్యలు గాలాడక నీళ్ల పైకి తేలడం చూసి బాబాయి పక్క చెరువు నుంచి ఇంకో ఏరియేటర్ లాగించి పెట్టించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే చెరువు మొత్తం పోయేది. మోటారు ఆటోలో వేసుకుని తనూ, వాళ్ల బామ్మర్దీ వచ్చారు. బాబాయి మంచినీళ్లు తాగి, "ఎక్కడో పొరపాటు జరిగింది అమ్మాయ్" అన్నాడు. బామ్మర్ది మాత్రం ఊరుకోలేదు.

"పొరపాటు ఏంటి బావా? ఈవిడకి వినపడదు. మొన్న నేను ఇటు పక్క నించుని మూడుసార్లు పిలిచా, పలకలేదు. చెవిటావిడకి మోటార్లు ఇచ్చి మనం రొయ్యలు పెంచుతున్నాం."

ఆ మోటారు విప్పి చూస్తే, నేను మార్చకుండా వదిలేసిన వెనక బేరింగు నల్లగా మాడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి వినుంటే మొదటిరోజే దొరికేది. తప్పు నాదే. అందులో సందేహం లేదు.

ఆ బామ్మర్ది మాట రేపల్లె నుంచి కొల్లూరు దాకా పోవడానికి వారం పట్టలేదు. వచ్చే మోటార్లు తగ్గాయి. ఒకాయన బయటే నించుని, "ఇక్కడ మగవాళ్లెవరూ లేరా అమ్మా, వినేవాళ్లు?" అని అడిగాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన మెల్లగా కదిపారు.

"ఇంక చాల్లే సుజాతా. షాపు ఎవరికైనా ఇచ్చేద్దాం. నీకు మాత్రం సుఖం వద్దా?"

"సుఖం అంటే ఇంట్లో కూర్చుని టీవీ సౌండు పెంచుకోవడమా?"

"అది కాదు, రేపు ఇంకేదైనా అయితే..."

"ఇంకేదీ కాదు. చెవి చూపించుకుంటాను. షాపు మాత్రం ఇవ్వను."

అమ్మ వడ్డిస్తూ గరిటె వదిలేసింది. "డాక్టరు దగ్గరికెళ్తే ఊరంతా తెలుస్తది" అంది. నాకు ఒళ్లు మండింది. ఊరంతా ఇప్పటికే తెలుసు, తెలియనట్టు నటిస్తున్నది మనమే అని అరిచాను. అన్నం తినకుండా లేచిపోయాను, మర్నాడు పొద్దున్నే ఆ అన్నమే తాలింపు వేసుకుని తిన్నాను.

జులైలో తెనాలిలోనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. అమ్మ వద్దన్నా వెంట వచ్చింది, నా ఎడమ పక్కనే కూర్చుంది. ఆ హాలు చూస్తే నాకు నవ్వాగలేదు. కూర్చున్న ముప్పై మందిలో సగం మందికి వినపడదు. కాంపౌండరు తలుపు సందులోంచి తల పెట్టి నంబరు పిలిచి వెళ్లిపోతున్నాడు. ఎవరూ కదలరు. మళ్లీ వచ్చి విసుక్కుంటాడు. చెవి ఆసుపత్రిలో నంబరు కేకేసి పిలవడం ఏ మహానుభావుడి ఆలోచనో! నా పక్కన కొల్లూరు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ ఉంది. చేతిలో చిన్న అరటిపళ్ల అత్తం. మనవడి చెవికోసం వచ్చిందట. ఆవిడ చీటీలన్నీ చూసి ఎవరి నంబరు ఎంతో గుర్తుపెట్టుకుని, పిలిచినప్పుడల్లా ఆ మనిషి మోకాలు తట్టి పంపిస్తోంది. నా మోకాలూ తట్టింది. "పోమ్మా, నీదే. భయపడబాక" అంది. ఆవిడ పేరు అడగలేదు నేను, ఆ చెయ్యి బరువు మాత్రం ఇంకా మోకాలి మీద ఉంది.

డాక్టరు గారు నాకంటే చిన్నావిడ. చెవిలో కెమెరా పెట్టి ఎదురుగా టీవీలో చూపించింది. నా కర్ణభేరి నేను చూడటం అదే మొదటిసారి. మంచి కర్ణభేరి ఎలా ఉంటుందో పక్కన పటంలో ఉంది, తెల్లగా మెరుస్తూ, పలచగా, బిగువుగా. నాది ఒక పక్క సున్నం చిందినట్టు గట్టి తెల్ల మచ్చలు. ఇంకో పక్క ఉల్లిపొరలా పలచబడి లోపలికి గుంట పడి, వెనకాల ఎముకలకి అంటుకుపోతోంది. ఆ గుంటలో చెత్త పేరుకుని చీము పడుతోందనీ, అలాగే వదిలేస్తే లోపలి ఎముకల్ని తినేస్తుందనీ చెప్పింది. తర్వాత అడిగింది.

"చిన్నప్పుడు చెవుల్లో గొట్టాలేమైనా వేశారా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ "లేదండి" అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. "వేశారండి. ఏడేళ్లప్పుడు, గుంటూరులో" అన్నాను. డాక్టరు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి రాసుకుంది.

తర్వాత రెండు కాళ్ల ఇనప కడ్డీ ఒకటి మోచేతికి కొట్టి, గుయ్యిమంటుంటే నా చెవి ముందు పెట్టింది. పెద్దగా వినపడలేదు. దాన్నే చెవి వెనక ఎముక మీద ఆనించింది. గుయ్యిమని తలంతా నిండింది.

"ఎక్కడ పెద్దగా ఉంది?"

"వెనక. నాకెప్పుడూ వెనకే" అన్నాను. స్క్రూడ్రైవర్ సంగతి చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టేసి పగలబడి నవ్వింది.

"మీ నరం బాగుందండీ. లోపలి చెవి బ్రహ్మాండంగా ఉంది. పాడైంది దారి, అంతే. శబ్దం కర్ణభేరి మీదుగా పోలేక ఆగిపోతోంది, ఎముకలోంచి అయితే నేరుగా పోతోంది. మేం ఈ పరీక్ష పుస్తకాల్లో చదువుకున్నాం, మీరు పద్నాలుగేళ్లకే కనిపెట్టారు."

నాకు ఏడుపొచ్చింది. బామ్మర్ది మాటకి రాని ఏడుపు అక్కడొచ్చింది. ఇన్నాళ్లూ నేను మోసం చేస్తున్నానని అనుకున్నాను, వినపడనిదాన్ని వినపడినట్టు నటిస్తున్నానని. కాదు, మోటారు నాకు నిజంగానే వినపడుతోంది. నాన్నకి తెలుసో తెలియదో గాని, ఆయన నన్ను ఆ రోజు సరిదిద్దకపోవడం వల్లే నా పని నాకు మిగిలింది.

ఇంటికొచ్చాక అమ్మతో పెద్ద గొడవ. అబద్ధం ఎందుకు చెప్పావంటే చెప్పదు. "డాక్టరు దగ్గర కూడా నన్ను దాస్తావా? అంత సిగ్గా నేనంటే?" అన్నాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ తగ్గలేదు. మధ్యలో మా ఆయన పాపం, ఉప్పు కావాలంటే కూడా ఆయన ద్వారానే అడిగించుకునేవాళ్లం.

ఆగస్టుకి ఆపరేషన్ ఖాయం చేశారు. దానికి ముందురోజు మళ్లీ చూపించుకోవాలి. నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ చీర మార్చుకుని వచ్చి నించుంది. ఆటోలో కలిసే వెళ్లాం. డాక్టరు గారు రేపు ఏం చేస్తారో చెబుతోంది. చెవి ముందర ఉండే మెత్తటి ఎముక కొంచెం తీసి, ఆ గుంట పడ్డ చోట పొరకి దన్నుగా పెడతారట. మధ్యలో అమ్మ జాకెట్టులోంచి హోమియో మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టింది. లోపల పసుపు రంగుకి తిరిగిన చిన్న గింజ. నేను పోల్చుకునేసరికి కొంచెం సేపు పట్టింది. నా గొట్టం.

"ముప్పై అయిదేళ్ల నుంచి దాచానండి" అంది అమ్మ. "సముద్రంలో నేనే ముంచాను. వారానికి ఇది ఊడిపోయింది. మీ డాక్టర్లు తిడతారని మళ్లీ తీసుకెళ్లలేదు. దీని చెవి నేను పోగొట్టాను. ఆ మాట ఎవరికైనా తెలిస్తే, పిల్లని ఏం చేశావే అని అడుగుతారని ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇప్పుడన్నా మీరు చెప్పండమ్మా, నా వల్లే కదూ?"

డాక్టరు గారు ఆ సీసా వెలుతురుకి పెట్టి చూసింది.

"అమ్మా, ఇవి రాలిపోవడానికే వేస్తాం. ఏడాది లోపు వాటంతట అవే ఊడొస్తాయి. సముద్రం లాగలేదు. ఉప్పునీళ్లకి అప్పుడు చెవి కారి ఉండొచ్చు, అది వేరు. ఈ తెల్ల మచ్చలూ, ఈ పలచబడటం, గొట్టాలు వేసిన చాలామందికి పెద్దయ్యాక కనిపిస్తాయి. చుక్క నీళ్లు తగలని వాళ్లకీ వస్తాయి. గొట్టం వేయించకుండా ఆ నీరు అలాగే ఉన్నా పాడయ్యేది. మళ్లీ తీసుకెళ్లకపోవడం మాత్రం తప్పే. అప్పుడప్పుడు చూపిస్తూ ఉంటే ఈ గుంట ముందే దొరికేది. అయితే ఆ తప్పు ఈవిడది కూడా, పెద్దయ్యాక కూడా రాలేదుగా?"

చివరి మాట నా వైపు చూసి అంది. నిజమే. ఇరవై ఏళ్లుగా నా కాళ్ల మీద నేను నడుస్తున్నదాన్ని, ఆ గుమ్మం ఎక్కలేదు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "నువ్వే కదా ముంచావు" అని ఎన్నిసార్లు అన్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సిగ్గు అమ్మకి నన్ను చూసి కాదు, తనని చూసుకుని. అమ్మ ఎప్పట్లాగే నా ఎడమ పక్క కూర్చుని ఉంది. నేను లేచి, అమ్మ నా కుడి పక్కకి వచ్చేలా అటు కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కోపం అంతా పోయిందని అబద్ధం చెప్పను. గుంటూరు వెళ్లని ఆ రోజు మీద ఇప్పటికీ ఉంది. కాని ఆ మాట మాత్రం ఇక నా నోట్లోంచి రాదు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. మత్తు చెవి వరకే ఇచ్చారు, నేను మెలకువగానే ఉన్నాను. చాలా భయపడ్డాను. ధైర్యంగా ఉన్నట్టు కనపడాలని నర్సు అమ్మాయికి మోటార్ల గురించి చెబుతూ పోయాను. ఆ అమ్మాయి వాళ్లింట్లో బోరు మోటారు మూలుగుతోందట. ఆ పిల్ల పాపం నా చెయ్యి వదల్లేదు. లోపల గీకుతుంటే ఆ చప్పుడు ఎముకలోంచి ఎంత పెద్దగా వినపడిందో చెప్పలేను. అయిపోయాక నెలన్నర పాటు ముక్కు చీదకూడదు, నోరు మూసుకుని తుమ్మకూడదు, తల మీద నీళ్లు పోసుకోకూడదు. నాలుక ఎడమ పక్కంతా నెలపాటు తుప్పు రుచి. గోంగూర పచ్చడి కూడా మేకు నాకినట్టే ఉండేది. మా ఆయన సెలవు పెట్టి తలకి తడిగుడ్డతో తుడిచేవారు, మా అమ్మాయి నాకు తుమ్ము వచ్చినప్పుడల్లా "నోరు తెరువమ్మా!" అని వీధికి వినపడేలా అరిచేది.

కట్టు విప్పి వినికిడి పరీక్ష చేస్తే, గుంట పూడింది, చీము పోయింది. వినికిడి మాత్రం కొంచెమే పెరిగింది. ఆ సున్నం మచ్చలు అలాగే ఉన్నాయి. నేను ఎంతో ఆశపడ్డాను, దాచడం ఎందుకు? ఆ రోజు గేటు బయట చెరుకురసం బండి దగ్గర నించుని ఏడ్చాను. బండి అతను గ్లాసు చేతికిచ్చి, డబ్బులు అడక్కుండా అవతలకి తిరిగి చెరుకు తిప్పుతూ నించున్నాడు. తాగాక నా మొహం నేనే కడుక్కున్నాను. రాకపోతే రాకపోయింది. చెవి మిషను పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. జుట్టు దాని మీదికి దువ్వుకోమని మా తోటికోడలు సలహా ఇచ్చింది. నేను జడ ఇంకా పైకెత్తి వేసుకుంటున్నాను.

చిన్నప్పుడు చెవుల్లో గొట్టాలు వేయించుకుని మర్చిపోయినవాళ్లు ఇది చదువుతుంటే, ఒక్కసారి వెళ్లి చూపించుకోండి. అందరికీ నాలా అవదు. చాలామందికి ఆ మచ్చలు ఉన్నా ఇబ్బందే ఉండదట. మీకు ఉందో లేదో కెమెరా పెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. చెవిలో నూనె పోయొద్దు. మీ అమ్మని తిట్టొద్దు.

అక్టోబరులో రేపల్లె వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని, బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని రామారావు బాబాయి చెరువు గట్టు మీదికి వెళ్లాను. బామ్మర్ది కూడా అక్కడే ఉన్నాడు.

"బాబాయ్, నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పట్నుంచీ ఇంతే. జూన్‌లో నీ మోటారు సరిగ్గా వినకుండా పంపించాను, తప్పు నాది. ఇప్పుడు ఇక్కడున్నవన్నీ విని చెబుతా. ఒక్కటి తప్పు చెప్పినా ఇంకెప్పుడూ నా దగ్గరికి రావద్దు" అన్నాను.

ఎనిమిది మోటార్లున్నాయి. గట్టు నుంచి పడవలాంటి రేకు తెప్ప మీద బాబాయి నన్ను ఒక్కొక్కదాని దగ్గరికీ తీసుకెళ్లాడు. నేను మిషను తీసి సంచిలో వేసి, పిడి చెవి వెనక పెట్టుకుని విన్నాను. అయిదు బాగున్నాయి. రెండింటికి గ్రీజు కావాలి. వరసలో ఆరోది ఇంకో పదిరోజుల్లో ముందు బేరింగు పట్టేస్తుందని చెప్పాను. బామ్మర్ది నవ్వి, అది నెల క్రితమే ఇంకో చోట కొత్తగా చేయించామన్నాడు. "అయితే విప్పండి" అన్నాను. గట్టు మీదికి లాగి అక్కడే విప్పారు. బేరింగు వేలితో తిప్పితే గరగరలాడుతోంది. బామ్మర్ది దాన్ని తనూ రెండుసార్లు తిప్పి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. బాబాయి ఆ మోటారు నా ఆటోలోనే ఎక్కించాడు.

కార్తీక పౌర్ణమికి అమ్మ ఒక్కతే సూర్యలంక వెళ్లొచ్చింది, ముప్పై అయిదేళ్ల తర్వాత. నన్ను రావద్దంది. తల తడిపి వచ్చి, నా కోసం సీసాలో సముద్రం నీళ్లు తెచ్చి పాదాల మీద మాత్రం చల్లింది.

ఆ మర్నాడే పెయింటరుని పిలిపించాను. షాపు ముందు బోర్డు మీద నా పేరు కింద ఏం రాయాలో కాగితం మీద రాసిచ్చాను: "నాకు ఎడమ చెవి వినపడదు. కుడి పక్క నించుని మాట్లాడండి. మీ మోటారు మాత్రం నాకు వినపడుతుంది."

పెయింటరు చదివి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఇట్టాంటివి ఎవరూ రాయించుకోరక్కా" అన్నాడు. నేను బదులు చెప్పేలోపే అమ్మ షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బోర్డు కింద నించుంది. ముప్పై అయిదేళ్లు నాకు ఎడమ పక్కన కాపలా కాసిన మనిషి. ఏమంటుందో అని నేను తన వైపు తిరిగాను.

"నిచ్చెన ఎక్కు నాయనా" అంది అమ్మ. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయి. రోడ్డు అవతల నుంచి కూడా కనపడాలి."